మా నాన్న అంచనాలు నిజమైన వేసవి

మా ఇంట్లో అనుమానం పుట్టింది నాన్న చెప్పిన మాట నిజమైన రోజున.

అంతకు ముందు ఆయన మాట నిజమైన పాపాన పోలేదు. నాన్న పేరు డూగల్ రాట్రే. నగరంలో అచ్చయ్యే సాయంకాల పత్రికకి గోల్ఫ్ విలేఖరి. పెద్ద పోటీ మొదలయ్యే ముందు, బుధవారం నాడు, ఎవరు గెలుస్తారో రాసేవాడు. ఆదివారం పోటీ ముగిశాక, సోమవారం నాడు, వాడెందుకు గెలవలేదో రాసేవాడు. బుధవారం పత్రిక కంటే సోమవారం పత్రికకే గిరాకీ. తన ఓటమిని అంత ముచ్చటగా వర్ణించుకునే మనిషి స్కాట్లాండ్ మొత్తం మీద లేడని మా ఊరివాళ్లు గర్వంగా చెప్పుకునేవాళ్లు. పేరున్న ఆటగాళ్లు సైతం ఆయన ఎదురుపడితే టోపీ తీసి, "మిస్టర్ రాట్రే, మీకు పుణ్యముంటుంది, ఈసారి నా పేరు మాత్రం రాయకండి" అని బతిమాలుకునేవారు.

మాది కిన్‌బారా. తూర్పు తీరంలో చిన్న రేవు. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బల మీదే గోల్ఫ్ మైదానం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాన్న పత్రికలోనే టైపిస్టుని. ఊళ్ల నుంచి విలేఖరులు ఫోన్లో వార్త చెబుతుంటే విని టైపు కొట్టడం నా పని. కాబట్టి నాన్న రాతల్ని లోకంలో అందరికంటే ముందు వినేదాన్ని నేనే. అమ్మ పేరు ఉనా. రేవు దగ్గర చేపల కొట్టులో కౌంటర్ వెనక నిలబడేది. గోల్ఫ్ అంటే ఆమెకి ఒళ్లు మంట.

"శుభ్రంగా దగ్గరున్న బంతిని కొట్టి పారెయ్యడం, దాన్ని వెతుక్కుంటూ మైళ్లకి మైళ్లు నడవడం. దానికి మళ్లీ చప్పట్లు!" అనేది. నాన్న భోజనాల దగ్గర ఆట సంగతి ఎత్తితే చాలు, లేచి వెళ్లి రేడియో గొంతు పెంచేది.

ఆ ఏడు మే నెలలో ఇంగ్లండులో జరిగిన ఒక పోటీకి నాన్న, ఎవరూ పేరు వినని స్పెయిన్ ఆటగాణ్ణి ఎంచాడు. అతను గెలిచాడు.

"గుడ్డి దెబ్బలే," అంది అమ్మ, ఉడికిన బంగాళాదుంపలు చిదుముతూ.

జూన్‌లో పడమటి తీరం పోటీ. వయసైపోయిందని అందరూ వదిలేసిన ఒక ఆస్ట్రేలియా ఆటగాడి పేరు రాశాడు. అతనూ గెలిచాడు. జూలైలో ఇంకొకడు. అతనూ గెలిచాడు. ఇక సోమవారం నాడు ఏం రాయాలో నాన్నకి పాలుపోలేదు. "అనుకున్నట్టే జరిగింది" అంటూ ఉప్పూ కారం లేని వ్యాసమొకటి రాసి పంపాడు. మా పాత రాట్రేని మాకిచ్చెయ్యండి అని పాఠకులు పత్రికకి ఉత్తరాలు రాశారు.

ఊళ్లో పందేల కొట్టు మక్‌ఫీది. ఒక శనివారం అతను చేపల కొట్టుకి వచ్చి, కొనేవాళ్లందరూ వెళ్లేదాకా ఆగి, కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు. నేను అమ్మకోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"ఉనా, మీ ఆయన చెవిలో ఈ మధ్య ఎవరు ఊదుతున్నారు?"

"నీకు చేప కావాలా, కబురు కావాలా?"

"నవ్వులాట కాదమ్మా. ఇన్నేళ్లూ డూగల్ ఎవరి పేరు రాస్తే ఊళ్లో సగం మంది అభిమానం కొద్దీ వాడి మీదే కాసేవాళ్లు. నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు నిద్ర లేదు, తిండి లేదు. ఎవడికి నడుం పట్టేసిందో, ఎవడికి పెళ్లాంతో గొడవో మీ ఆయనకి లోపలి మనిషెవరో చేరేస్తున్నారు. కర్రల సంచీ మోసే క్యాడీలో, మాలీషు చేసేవాళ్లో."

"మా ఆయనకి చేరేసేదాన్ని నేనే. పొద్దున్నే గంజి, సాయంత్రం చేప," అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. కానీ అతను వెళ్లాక అమ్మ చాలాసేపు ఒకే కత్తిని తుడుస్తూ నిలబడింది.

నాన్న మారాడన్నది మాకు తెలియని సంగతేం కాదు. కారు షెడ్డులో పెట్టి తాళం వేశాడు. మోకాళ్లకి నడక మంచిదన్నాడు. సాయంత్రం పత్రిక తను చదవడం మానేసి, "నీ గొంతులో వింటే నా తప్పులు నాకు తెలుస్తాయి ఐలీ, చదువు" అనేవాడు. వీధిలో తెలిసినవాళ్లు చెయ్యెత్తి పలకరిస్తే చూడనట్టు వెళ్లిపోయేవాడు. మూడు మాటలు నిజమయ్యేసరికి కళ్లు నెత్తికెక్కాయి అన్నారు జనం. ఇవన్నీ ఒక ఎత్తు. మాతో మాట్లాడేటప్పుడు సూటిగా చూడటం మానేశాడు, అదొక ఎత్తు. తల కాస్త పక్కకి తిప్పి ఓరకంటితో చూసేవాడు. తప్పు చేసి వచ్చిన మనిషి చూపది. అమ్మా అలాగే అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను.

నాకు అనుమానం తెచ్చింది మాత్రం ఆయన వాక్యాలు. ఇరవై ఏళ్లుగా నాన్న రాతల నిండా రంగులుండేవి. ఎవడి స్వెట్టరు నిమ్మపండు రంగులో ఉంది, పద్దెనిమిది గుంటల్లో ఏ హోల్ దగ్గర ఆకాశం రాగి చెంబులా మెరిసింది, అలాంటివి. ఆ వేసవిలో ఒక్క రంగు లేదు. అన్నీ అడుగులూ చప్పుళ్లూ. 'బంతి తగిలిన మోత బోలుగా ఉంది', 'గాలి కుడి నుంచి తిరిగితే ఇతను రెండుసార్లు కర్ర మార్చుకుంటాడు', 'చెడ్డ దెబ్బ తర్వాత ఇతని నడక వేగం పెరుగుతుంది, అదే ఇతని జబ్బు'. నేను టైపు కొడుతూ, ఇది మా నాన్న చూపు కాదు, ఎవరిదో అనుకునేదాన్ని.

జూలైలో ఆయన ఇంగ్లండు నుంచి ఫోన్లో వ్యాసం చెబుతున్నాడు. ఒక ఆటగాడి ఊరి పేరు దగ్గర తడబడ్డాడు. ఫోన్ బూత్‌లో ఆయన పక్కనే ఎవరో చిన్నగా దగ్గారు. ఆడగొంతు. ఆ వెంటనే నాన్న ఆ ఊరి పేరు సరిగ్గా చెప్పాడు.

"పక్కన ఎవరు నాన్నా?"

"ఎవరూ లేరే. బయట ఎవరో వరసలో నిలబడ్డారు. రాసుకో, ఐలీ, రాసుకో."

ఇంట్లో ఆ మాట ఎత్తలేదు నేను. ఎత్తాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆయన తిరిగొచ్చిన సాయంత్రం అమ్మ ఆయన కోటు వాకిట్లో దులుపుతూ ఆగిపోయింది.

"డూగల్, ఈ వెంట్రుకలెవరివి?"

నాన్న టీ కప్పు కింద పెట్టాడు. "కుక్కవై ఉంటాయి."

"మనకి కుక్క లేదు."

"మైదానం నిండా కుక్కలే ఉనా."

"అల్లం రంగువి?"

అల్లం రంగు కుక్క కిన్‌బారాలో ఒక్కటే ఉంది. అది మిస్ ఇష్‌బెల్ కార్‌స్టేర్స్‌ది. చర్చి వెనక మిట్ట మీద రాతి ఇంట్లో కుక్కతో ఒంటరిగా ఉండే మనిషి. వయసులో ఉండగా ఆడవాళ్ల జాతీయ పోటీ గెలిచింది. ఇంత గెలిచినా మా ఊరి గోల్ఫ్ క్లబ్బు ముందు తలుపు గుండా ఆవిణ్ణి రానివ్వరు, ఆడవాళ్లకి ప్రవేశం లేదు. నిటారుగా నడిచేది. ఎవరితోనూ రెండో మాట మాట్లాడేది కాదు.

"నువ్వు రైల్లోనే కదూ వెళ్లింది?" అంది అమ్మ.

"రైల్లోనే."

అమ్మ కోటు మేకుకి తగిలించింది. స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన ప్రతి శుక్రవారం చేపలకి మా కొట్టుకే వస్తాడు. ఈ వేసవిలో డూగల్ రాట్రేకి ఒక్క టికెట్టు కూడా ఇచ్చిన గుర్తు లేదని ఆయన అప్పటికే అమ్మతో అన్నాడట. నాన్న ఊళ్లో లేని ప్రతిసారీ రాతి ఇంటి కిటికీలు మూసే ఉన్నాయని పాలవాడు అన్నాడట. అమ్మ ఇవన్నీ ఒక్కొక్కటిగా పోగేసుకుని, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది. ఆ వారమంతా వంటగదిలో గిన్నెలు మాత్రం మాట్లాడాయి.

ఆగస్టులో పెద్ద పోటీ మా ఊళ్లోనే. మైదానం చుట్టూ డేరాలు లేచాయి. పోటీకి ముందు వారం పత్రిక సంపాదకుడు టుల్లోక్ నన్ను తన గదికి పిలిచాడు.

"కూర్చో ఐలీ. మక్‌ఫీ క్లబ్బుకి ఫిర్యాదు చేశాడు. మీ నాన్నకి ఆటగాళ్ల రహస్యాలు ఎవరో అందిస్తున్నారట. క్లబ్బు కార్యదర్శి నాకు ఫోన్ చేశాడు. ఇదిలాగే ఉంటే విలేఖరి పాసు రద్దు చేస్తామంటున్నారు. సొంత ఊళ్లో పోటీ, మన విలేఖరి గేటు బయట! నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నాన్ననే అడగండి సార్."

"అడిగాను. 'నా బుర్రలోంచే వస్తున్నాయి' అన్నాడు. నాకు వాడి బుర్ర సంగతి ఇరవై ఏళ్లుగా తెలుసు కదమ్మా." టుల్లోక్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు కూతురివి. కాస్త కనుక్కో."

కనుక్కోవడానికే పోటీ వారం మొదట్లో, మంగళవారం, సెలవు పెట్టి నాన్న వెనకాల వెళ్లాను. ఆటగాళ్లు ప్రాక్టీసు చేసుకునే రోజది. ఆయన అందరితో పాటు గేటు దగ్గర నిలబడకుండా దిబ్బల వెనక నుంచి దారి తీసుకున్నాడు. చేతిలో కర్ర, అడుగులో తొందర. ప్రాక్టీసు మైదానం చివర, గడ్డి ఏపుగా పెరిగిన చోట, ఒక బల్ల ఉంది. దాని మీద మిస్ కార్‌స్టేర్స్ కూర్చుని ఉంది. కుక్క నాన్నని చూసి తోక ఊపింది. కొత్తవాళ్లని చూసి ఊపే తీరు కాదది.

ఆయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ ఆయన చొక్కా చేతిని పట్టుకుని, చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతోంది. నాన్న ఎదురుగా ఆడుతున్నవాళ్లని చూడ్డం కూడా లేదు. మొహం సముద్రం వైపు తిప్పి, కళ్లు సగం మూసుకుని వింటున్నాడు. ఒకసారి నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో వినపడి ఎన్నాళ్లయిందో. నేను చూడాల్సింది చూసేశాననుకున్నాను. చెప్పుల్లోకి దూరిన ఇసుకతో ఇంటికి తిరిగొచ్చాను.

మర్నాడు నాన్న అంచనా అచ్చయింది. అందరూ గెలుస్తాడనుకుంటున్నది అమెరికా ఆటగాడు బ్రుబేకర్. నాన్న మాత్రం మా ఊరివాడే అయిన నీల్ గెడ్డెస్ పేరు రాశాడు. ఊరు ఊరంతా మక్‌ఫీ కొట్టు ముందు వరస కట్టింది.

శుక్రవారం సాయంత్రం మిస్ కార్‌స్టేర్స్ చేపల కొట్టుకి వచ్చింది. నేను అమ్మకి సాయంగా కాగితాలు చింపుతున్నాను.

"హాడక్ చేప ఇవ్వండి మిసెస్ రాట్రే," అంది ఆవిడ.

అమ్మ కత్తి తీసింది. "ఒక్కరికా, ఇద్దరికా?"

కొట్టులో మరో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు టమాటాల డబ్బాలు చూస్తున్నట్టు నటించారు. మిస్ కార్‌స్టేర్స్ మెడ మీద ఎరుపు మెల్లగా పైకెక్కింది.

"మీ ఆయన మీకింకా చెప్పలేదా?" అంది మెల్లగా.

"ఏం చెప్పాలి నాకు?"

ఆవిడ చేతిసంచి మూసేసింది. "అది నేను చెప్పాల్సింది కాదు. ఆయనకి మాటిచ్చాను. క్షమించండి."

"క్షమించమనడానికి కూడా ఆయన అనుమతి తీసుకున్నారా?"

ఆవిడ చేప తీసుకోకుండానే వెళ్లిపోయింది. అమ్మ ఆ చేపని శుభ్రంగా కాగితంలో చుట్టి, తాడు కట్టి, పక్కన పెట్టింది. "చూశావా," అంది నాతో, "కాదని కూడా అనలేదు."

శనివారం మైదానంలో ఆవిడ జాడ లేదు. నాన్న సాయంత్రం ఫోన్లో చెప్పిన వార్త గందరగోళంగా ఉంది. ఒకే ఆటగాణ్ణి రెండు హోల్స్ దగ్గర ఒకేసారి ఆడించాడు. నేను గుట్టుగా సరిచేశాను. నాన్నకి ప్రియురాలితో తగాదా వచ్చిందన్నమాట అనుకున్నాను, కసిగా.

ఆదివారం పొద్దున అమ్మ చర్చికి వేసుకునే నీలం కోటు తొడుక్కుంది.

"ప్రార్థనకా?" అన్నాడు నాన్న.

"ఆటకి."

నాన్న చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. "నువ్వా? ఎందుకూ?"

"నా మొగుడు ఇరవై ఏళ్లుగా ఏం చూస్తున్నాడో చూద్దామని."

ముగ్గురం నడిచే వెళ్లాం. ఆఖరిదైన పద్దెనిమిదో హోల్ పక్కన, మట్టిగట్టు మీద, నాన్నకంటూ ఒక చోటుంది. అక్కడ కూర్చున్నాం. అమ్మ కళ్లు ఆట మీద లేవు. జనంలో ప్రతి ఆడదాని టోపీ కిందా వెతుకుతోంది. మిస్ కార్‌స్టేర్స్ రాలేదు. నాన్న కాళ్లు ఊపుతున్నాడు, చేతులు నలుపుకుంటున్నాడు, వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. టుల్లోక్ మా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. నాన్న దాన్ని అందుకోలేదు. టుల్లోక్ చెయ్యి కాసేపు గాలిలో ఉండి, జేబులోకి వెళ్లిపోయింది.

"ఇంత పొగరు తగదు రాట్రే," అని వెళ్లిపోయాడు.

"టుల్లోకా?" అన్నాడు నాన్న ఉలిక్కిపడి. "గొంతు... అదే, చూడలేదు."

గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, గ్రీన్‌కి అవతల పెద్ద బోర్డు ఉంది. ఎవరెవరు ఎంత కొట్టారో మనుషులు నిచ్చెనెక్కి పలకలు మారుస్తుంటారు. జనం గొణుక్కోవడం మొదలుపెట్టారు. ఏదో మారింది. నాన్న నా మోచేతిని తట్టాడు.

"ఐలీ, బోర్డు మీద ఏముందో చూడు. ఎండ నా కళ్లల్లో పడుతోంది."

నేను బోర్డు వైపు తిరిగాను. అమ్మ తిరగలేదు. ఆమె తలెత్తి ఆకాశం వైపు చూసింది. పొద్దుటి నుంచీ సీసం రంగు మబ్బు ఊరిని మూత పెట్టినట్టు కప్పి ఉంది. ఎండ అన్నదే లేదు. అమ్మ ఆకాశాన్ని చూసింది, తర్వాత నాన్న మొహాన్ని చూసింది. ఓరగా తిప్పి ఉన్న ఆ మొహాన్ని చాలాసేపు చూసింది. నేను చెప్పబోతుంటే చేత్తో వారించి, లేచి, నన్ను జరిపి, ఆయన పక్కన కూర్చుంది.

"గెడ్డెస్, బ్రుబేకర్, ఇద్దరి పేర్లూ పైనున్నాయి," అంది. "బ్రుబేకర్‌కి ఒక దెబ్బ తక్కువ, ముందున్నది అతనే."

నాన్న కాళ్లు ఊపడం ఆపాడు.

"వస్తున్నారు ఇద్దరూ. లావుపాటాయన ముందు నడుస్తున్నాడు, రేవులో సరుకు దించి ఇంటికెళ్లే వాళ్ల నడక. ఆ పొడుగాటి కుర్రాడు మన మార్గరెట్ గెడ్డెస్ కొడుకే. చొక్కా ఎరుపు. తల్లి ఇస్త్రీ చేసినట్టు లేదు."

"బంతులెక్కడున్నాయి ఉనా?" అన్నాడు నాన్న, వినపడీ వినపడనట్టు.

"లావాయనది గుంటకి బెత్తెడు దూరంలో. కళ్లు మూసుకుని వేస్తాడు. కుర్రాడిది దూరం. మన కొట్టు కౌంటరంత దూరం. కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని నేల చూస్తున్నాడు, పిన్ను పారేసుకున్నవాడిలా."

"జెండా?"

"మన వైపే ఊగుతోంది. లేచాడు. కర్ర పట్టుకున్నాడు. మళ్లీ దిగాడు. మళ్లీ లేచాడు. ఓరి నాయనా, కొట్టరా! కొట్టాడు. వెళ్తోంది... వెళ్తోంది... తిన్నగానే వెళ్తోంది డూగల్..." నాన్న చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. "గుంట అంచుమీద ఆగిపోయింది. ముష్టిది, అంచుమీద!"

మైదానమంతా ఒక్క నిట్టూర్పు. బ్రుబేకర్ తన బంతిని గుంటలో వేసి గెలిచాడు. నాన్న అంచనా తప్పింది.

గట్టు దిగుతుంటే మక్‌ఫీ ఎదురొచ్చి నాన్నని రెండు చేతులా వాటేసుకున్నాడు. "డూగల్! నా తండ్రీ! తిరిగొచ్చావా! నిన్ను అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు." పందెం పోగొట్టుకున్నవాళ్లు కూడా నవ్వుతూ వీపు తట్టారు. క్లబ్బు కార్యదర్శి దూరం నుంచి టోపీ ఎత్తాడు. నాన్న తప్పడం చూసి ఊరు ఊరంతా ఆయన్ని క్షమించేసింది. అనుమానం మొత్తం మా ఒక్క ఇంట్లో మిగిలింది. అదీ పాత అనుమానం కాదు, దాని స్థానంలో కొత్తది వచ్చి కూర్చుందని అప్పుడే నాకు అర్థమవుతోంది.

ఇంటికి రాగానే అమ్మ కోటు కూడా విప్పకుండా వంటింటి బల్ల ముందు కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి," అన్నాడు నాన్న. "చూపు మధ్యలో ఒక మచ్చ. నీ వైపు చూస్తే చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. పక్కకి చూస్తేనే కాస్త ఆనవాలు తెలుస్తుంది. డాక్టరు ఇంకా పెరుగుతుందన్నాడు. మొత్తం చీకటైపోదట, అంచులు మిగులుతాయట."

"ఆవిడకి చెప్పావు."

"చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది. ఏప్రిల్‌లో ఒకడు బంతిని సముద్రంలోకి కొడితే నేను భలే అన్నాను. ఆవిడ పక్కనే ఉంది. 'రాట్రే, మీకు కనపడటం లేదు కదూ' అంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తను చూసి చెబుతానంది. ఆవిడ చెప్పే మాట ఏ పత్రికా అచ్చు వెయ్యదు, నాకేమో చూసే కళ్లు లేవు. అలా కుదిరింది. ఆవిడ కార్లోనే తిరిగాం."

"నువ్వు వేరే ఆడదాంతో తిరుగుతున్నావనుకున్నాను," అంది అమ్మ. "అదయితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. చీపురుంది. దీనికేం చెయ్యను డూగల్? వేసవంతా నీకు కనపడని ప్రతిదీ ఆవిడ చూసి నీకు చెప్పింది. నేనీ ఇంట్లోనే ఉన్నాను."

"నువ్వు రేడియో పెంచుతావు కదా ఉనా." ఆయన నిష్ఠూరంగా అనలేదు. జరిగేది చెప్పాడంతే.

అమ్మ మూలనున్న రేడియో వైపు చూసింది.

"పైగా," అన్నాడు నాన్న, "నీకు తెలిస్తే నన్ను తిట్టడం మానేస్తావని భయమేసింది."

"మానేస్తానా? మొద్దు మనిషీ! కళ్లు లేకుండా ఆ దిబ్బలమీద తిరిగావా? ఏ గోతిలోనైనా పడుంటే? కారు ఎప్పుడు ఆపావు? చలికాలంలో నన్ను ఎక్కించుకుని నగరానికి తీసుకెళ్లావే, అప్పుడు మచ్చ ఉందా లేదా?"

"ఉంది, చిన్నది."

అమ్మ లేచింది. తిడుతూనే కోటు విప్పింది, తిడుతూనే పొయ్యి వెలిగించింది, తిడుతూనే ఏడ్చింది. నాన్న ఆ గొంతు ఎటు వెళ్తే అటు మొహం తిప్పుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే నా చిన్న టైపు మిషన్ బల్ల మీద పెట్టుకుని ఆయన చెబుతుంటే సమీక్ష కొట్టాను. మొదటి వాక్యం ఇలా ఉంది: 'ఈ వేసవిలో నిజమైన మూడు అంచనాలూ నావి కావు, మిస్ ఇష్‌బెల్ కార్‌స్టేర్స్‌వి. తప్పిన నాలుగోది మాత్రం అచ్చంగా నాదే.' తన కళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆఖరి హోల్ గురించి మాత్రం పొడుగ్గా రాయించాడు. అందులో రేవు నడకా, పారేసుకున్న పిన్నూ, చేపల కొట్టు కౌంటరూ అన్నీ ఉన్నాయి. టుల్లోక్ దాన్ని చదివి, "దీన్ని అచ్చేస్తే క్లబ్బులో నాకు మళ్లీ మంచినీళ్లు కూడా పుట్టవు" అన్నాడు. తర్వాత ఇంకోసారి చదివి అచ్చేశాడు. మర్నాటి పత్రిక మా ఊళ్లో వచ్చిన గంటకే అయిపోయింది.

సోమవారం అమ్మ కొత్తగా వచ్చిన హాడక్ చేప తీసుకుని మిట్ట మీది రాతి ఇంటికి బయలుదేరింది. నన్నూ రమ్మంది. మిస్ కార్‌స్టేర్స్ తలుపు సగమే తీసింది.

"మీరు ఆ రోజు చేప మర్చిపోయారు," అంది అమ్మ.

"మర్చిపోలేదు."

"తెలుసు."

ఆవిడ తలుపు పూర్తిగా తీసింది. టీ పోసింది. ముగ్గురం చాలాసేపు చెంచాలు తిప్పాం.

"నేను బ్రుబేకర్ పేరు చెప్పాను," అంది మిస్ కార్‌స్టేర్స్ చివరికి. "గెడ్డెస్‌కి గుంట దగ్గర గుండె ధైర్యం చాలదన్నాను. ఆయన వినలేదు. మన ఊరి కుర్రాడన్నాడు."

"ఆయన ఎవరి మాటా వినడు. అది కళ్ల జబ్బు కాదు," అంది అమ్మ.

ఆవిడ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వకుండా కప్పు కింద పెట్టింది. "ఒక్కటి అడుగుతాను. కార్లో ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టేవారు? ముందా, వెనకా?"

"వెనక. ముందు సీటు కుక్కది."

అమ్మ ఆ కుక్క వైపు చూసింది. ఆ తర్వాతే బిస్కెట్టు తీసుకుంది.

సెప్టెంబరులో నాన్న ఉద్యోగం వదిలేశాడు. బుధవారం అంచనా మిస్ కార్‌స్టేర్స్ పేరుతో రావడం మొదలైంది. ఆవిణ్ణి లోపలికి రానివ్వనందుకు క్లబ్బు నుంచి ఇద్దరు రాజీనామా చేశారు. ముందు తలుపు మాత్రం అలాగే మూసి ఉంది. సోమవారం సమీక్ష ఇంకా కావాలని పాఠకులు పోరుపెడితే, నాన్న చెబుతుంటే ఇంట్లో నేనే టైపు కొట్టేదాన్ని.

చూడకుండా సమీక్ష ఎలా? అందుకని ఆ శరదృతువులో మా మైదానంలో ఏ పోటీ జరిగినా మట్టిగట్టు మీద ముగ్గురూ కూర్చునేవాళ్లు. నాన్న ఒక చివర, మిస్ కార్‌స్టేర్స్ మరో చివర. అమ్మ మధ్యలో. గోల్ఫ్ అంటే ఆమెకి అప్పటికీ ఒళ్లు మంటే. కానీ ఆ చోటు ఎవరికీ ఇచ్చేది కాదు. మిస్ కార్‌స్టేర్స్ చూసింది చూసినట్టు అమ్మ చెవిలో చెప్పేది, అమ్మ దాన్ని నాన్న చెవిలో చెప్పేది. ఆవిడ ఇరవై మాటలు చెబితే నాన్నకి చేరేవి అయిదే.

"ఇంతేనా అంది ఆవిడ?" అనేవాడు నాన్న, అనుమానంగా.

"నీకు కావాల్సినంత అంది," అనేది అమ్మ.